అయిదో అక్షరం తప్పితే

పిల్లలూ, శ్రీకాకుళం జిల్లాలో పొందూరు అనే ఊరున్నది. అక్కడి సన్ననూలు ఖద్దరు పేరు మీరు వినే ఉంటారు. ఆ ఊళ్ళో పత్తిని శుభ్రం చేయడానికి ఆడవాళ్ళు వాడే పనిముట్టు ఏమిటో తెలుసా? వాలుగ చేప దవడ! ఆ దవడకు సూదుల్లాంటి సన్నని పళ్ళు వరుసగా ఉంటాయి. వాటితో పత్తిని దువ్వితే నలుసులూ, చెత్తా రాలిపోయి పోగులు చక్కబడతాయి. తరవాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి రాట్నం మీద వడుకుతారు. వడికేటప్పుడు దారం ఎక్కడైనా ఉండ కట్టిందనుకోండి, అంతమేరకు తుంచి పారేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి మెలిపెడతారు. చెయ్యి తిరిగినవాళ్ళు చేస్తే అతుకు ఎక్కడున్నదో కనిపించదు.

మన ఒంట్లో కూడా సరిగా ఇటువంటి పని రాత్రింబవళ్ళు జరుగుతూనే ఉంటుంది. అక్కడా తుంచడం ఉన్నది, అతకడం ఉన్నది. తుంచవలసిన చోట ఒక్క అక్షరం తారుమారైతే చాలు, పసిబిడ్డ జన్మంతా ఇతరులిచ్చిన రక్తంమీద బతకవలసి వస్తుంది. ఆ అక్షరం సంగతీ, ఆ తుంచే పనివాళ్ళలో ఒకడిని పట్టుకోవటానికి శాస్త్రజ్ఞులు పన్నిన ఉపాయమూ ఈ నెల చెప్పుకుందాం.

మన శరీరం కోట్లకొలది జీవకణాలతో కట్టిన ఇల్లు. దాదాపు ప్రతి కణం మధ్యా కేంద్రకం అనే చిన్న గది ఉంటుంది. ఆ గదిలో డి.ఎన్.ఏ. అనే పొడుగాటి దారం భద్రంగా చుట్టిపెట్టి ఉంటుంది. మన ఒంటికి కావలసిన ప్రోటీన్లన్నిటినీ ఎలా తయారుచేయాలో ఆ దారంమీద రాసి ఉన్నది. (ప్రోటీన్లనే మీ తాతగారి కాలంలో మాంసకృత్తులు అనేవారు.) ఇంత పెద్ద గ్రంథానికీ అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. ఒక్కొక్క ప్రోటీనుకు సంబంధించిన రాతను జన్యువు అంటారు.

రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజుల పుస్తకం ఎవరికీ ఇంటికివ్వరు గదా! కావలసినవాళ్ళకు నకలు రాసి ఇస్తారు. కేంద్రకంలోనూ అదే పద్ధతి. డి.ఎన్.ఏ. గడప దాటదు. కావలసిన జన్యువుకు మాత్రం ఒక నకలు తయారవుతుంది. ఆ నకలే ఆర్.ఎన్.ఏ. అది కేంద్రకం వెలుపలికి వార్త మోసుకుపోతుంది గనక మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. అని పేరు పెట్టారు. వెలుపల ఆ వార్తను చదివి, పూసకు పూస గుచ్చినట్టు అమైనో ఆమ్లాలను వరసగా గుచ్చి ప్రోటీనును తయారుచేస్తారు.

ఇంతవరకు తేలికగానే ఉన్నది. కాని 1977లో ఒక వింత బయటపడింది. అమెరికాలో ఫిలిప్ షార్ప్ అనే ఆయనా, ఇంగ్లండునుంచి వెళ్ళి అమెరికాలోనే మరొక చోట పనిచేస్తున్న రిచర్డ్ రాబర్ట్స్ అనే ఆయనా, జలుబు తెప్పించే ఒక వైరసును వేరువేరుగా పరీక్షించారు. అసలు రాత పొడుగ్గా ఉన్నది, చేతికి వచ్చిన వార్త పొట్టిగా ఉన్నది! మధ్యమధ్య ముక్కలు మాయమైనాయి. అంటే మొదట తయారయ్యే నకలులో పనికివచ్చే రాత మధ్య పనికిరాని రాత కూడా ఉంటుందన్నమాట. కేంద్రకంలోనే ఆ నడిమి ముక్కలను కత్తిరించి, మిగిలిన వాటిని అతికి, ఆ తరవాతగాని వార్తను బయటికి పంపరు. ఆ నడిమి ముక్కలకు ఇంట్రాన్లు అని పేరు. (అవి పూర్తిగా వ్యర్థమని ఇప్పుడు ఎవరూ అనరు. కొన్నిటికి వేరే పనులున్నాయి.) బాక్టీరియా వంటి సూక్ష్మజీవుల్లో ఈ బెడద లేదు. అంతవరకు ఎక్కువగా వాటినే పరీక్షించటంవల్ల, అన్ని ప్రాణులూ అలాగే ఉంటాయని అందరూ నమ్మారు. షార్పుకూ, రాబర్ట్సుకూ 1993లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక మన అయిదో అక్షరం దగ్గరికి వద్దాం.

రక్తం ఎర్రగా ఉండటానికి కారణం హీమోగ్లోబిన్ అనే ప్రోటీను. ఊపిరితిత్తులనుంచి ప్రాణవాయువును ఒళ్ళంతా మోసేది అదే. అందులో ఒక భాగం పేరు బీటా గ్లోబిన్. అది 146 పూసల దండ. దాని జన్యువులో పనికివచ్చే భాగాలు మూడు. వాటి మధ్య రెండు ఇంట్రాన్లు. మొదటి ఇంట్రాన్‌లో 130 అక్షరాలు, రెండోదానిలో 850. మొదటి ఇంట్రాన్ ఇలా మొదలవుతుంది: జి, టి, టి, జి, జి. కత్తిరించే పనివాళ్ళు ఈ అక్షరాలను తడిమి చూసి, “కోయవలసింది ఇక్కడే” అని గుర్తుపడతారు. గుర్తుపట్టటానికి వాళ్ళ దగ్గర ఒక చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్క ఉన్నది. దానిలోని అక్షరాలు ఈ అక్షరాలతో జతకూడాలి. తాళంచెవి పళ్ళు తాళంలో కూర్చున్నట్టన్నమాట.

కొందరిలో ఆ అయిదో అక్షరం జి కి బదులు సి ఉంటుంది. జి, టి, టి, జి, సి. అంతే తేడా! కాని తాళంచెవి సరిగా కూర్చోదు. పనివాళ్ళు తడబడతారు. అటూ ఇటూ వెతికి, కొంచెం అటువంటి పోలికే ఉన్న మరొక చోట కత్తి పెడతారు. అటువంటి దొంగచోట్లు మూడున్నాయి: అసలు చోటుకు 38 అక్షరాలు ముందు ఒకటి, 16 అక్షరాలు ముందు ఒకటి, 13 అక్షరాలు తరవాత ఒకటి.

పోనీ, కొన్ని అక్షరాలు తగ్గితే ఏం, పెరిగితే ఏం అంటారేమో. వార్తను మూడేసి అక్షరాల చొప్పున చదవాలని నియమం ఉన్నది. మీరే పలకమీద “పలక కలప పడవ” అని రాసి చూడండి. నడిమి మాటలో మొదటి అక్షరం తుడిచేసి మళ్ళీ మూడేసి చొప్పున చదవండి: “పలక లపప డవ”. మొదటి మాట బాగానే ఉన్నది. ఆ తరవాత అంతా పిచ్చిరాత. మూడో, ఆరో అక్షరాలు పోతే ఫరవాలేకపోను. కాని 38ని, 16ని, 13ని మూడుతో భాగించి చూడండి. ఏ ఒక్కటీ శేషం లేకుండా భాగింపబడదు! అందుచేత ఆ వార్తలతో బీటా గ్లోబిన్ తయారు కాదు. ఏ కొద్ది నకళ్ళో సరైన చోట తెగి బయటపడతాయి. అవి ఏ మూలకూ చాలవు.

తల్లినుంచీ, తండ్రినుంచీ కూడా ఇటువంటి జన్యువే వచ్చిన బిడ్డకు తలసీమియా అనే వ్యాధి కలుగుతుంది. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటాడు. కడుపులో ఉన్నప్పుడు వాడుకున్న వేరే రకం హీమోగ్లోబిన్ ఇంకా కొంతకాలం ఆదుకుంటుంది. అది తరిగిపోయిన కొద్దీ బిడ్డ పాలిపోతాడు, పాలు తాగడు, కడుపు ఉబ్బుతుంది. అప్పటినుంచి రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలోనూ, కాలేయంలోనూ పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపటానికి రోజూ మందు వేయాలి. మనదేశంలో ఏటా పదివేలమందికి పైగా పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా. ఈ జబ్బును కలిగించే తప్పులు రెండువందలకు పైగా ఉన్నాయి. వాటిలో మనదేశంలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది ఈ అయిదో అక్షరమే. తెలుగువారిలోనూ అంతే.

ఉత్తరాంధ్ర పల్లెలో ఇటువంటి బిడ్డ ఉంటే, తల్లి తెల్లవారకముందే బయలుదేరి జిల్లా ఆసుపత్రికో, విశాఖపట్నం పెద్దాసుపత్రికో వెళ్ళాలి. ఆ రోజు కూలి పోతుంది, బిడ్డకు బడి పోతుంది. మూడు వారాలు తిరిగేసరికి మళ్ళీ ప్రయాణం.

ఇదే జన్యువులో మరొక రకం తప్పు కూడా ఉన్నది. విజయనగరం, శ్రీకాకుళం ఏజన్సీ కొండల్లో సికిల్ సెల్ అనే వ్యాధి ఉన్నది. (ఆ కొండప్రాంతంలో చాలా భాగం 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది.) అక్కడ కత్తిరింపు సరిగానే జరుగుతుంది. కాని ఆరో పూసకు సంబంధించిన రాతలో ఒక ఎ పోయి టి వచ్చింది. పూస మారింది, ఎర్రకణం కొడవలిలా వంగిపోయింది. ఒకటి రాతలో తప్పు, ఒకటి కోతలో తప్పు. ఈ తేడా గుర్తుంచుకోండి.

మరి ఈ కోసే పనివాళ్ళెవరు? ఒకరూ ఇద్దరూ కారు. కొన్ని చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్కలూ, వందకు పైగా ప్రోటీన్లూ గుమిగూడి ఒక యంత్రంలా పనిచేస్తాయి. వందమంది ఒకేసారి ఒక పనిమీద వంగి ఉంటే ఎవరు పట్టుకుంటున్నారో, ఎవరు కోస్తున్నారో, ఎవరు ఊరికే నిలబడి చూస్తున్నారో చెప్పగలమా? ఒక్కొక్కరినీ విడదీసి, వాడు లేకపోతే ఏమవుతుందో, మళ్ళీ వస్తే ఏమవుతుందో చూడాలి. అదే శాస్త్రజ్ఞులు చేశారు.

దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అనే చిన్న దేశం ఉన్నది. అక్కడ పుట్టిన ఏడ్రియన్ క్రైనర్ అనే కుర్రవాడు చదువుకోసం అమెరికా వచ్చాడు. 1984లో అతడూ, అతడి గురువు టామ్ మేనియాటిస్, మరి ఇద్దరూ కలిసి, మనిషి బీటా గ్లోబిన్ నకలును గాజుగొట్టంలోనే సరిగా కత్తిరింపజేశారు. తలసీమియా నకళ్ళను కూడా గొట్టంలో వేసి చూశారు. తరవాత క్రైనర్ కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ అనే చోట పరిశోధనాలయంలో చేరి, కోత పనివాళ్ళను ఒక్కొక్కరినే వెతకటం మొదలుపెట్టాడు. హీలా కణాలనే మానవకణాలను పెంచి, వాటి రసంనుంచి ఒక ప్రోటీనును వేరుచేశాడు. (ఈ కణాలు 1951లో హెన్రియెటా లాక్స్ అనే పేద నీగ్రో జాతి స్త్రీ పుండునుంచి తీసినవి. ఆమెనుగాని, ఇంట్లోవాళ్ళనుగాని అడగలేదు. ఆమె పోయి ఇన్నేళ్ళయినా ఆ కణాలు ప్రపంచమంతటా పెరుగుతూనే ఉన్నాయి.) క్రైనర్ తన ప్రోటీనుకు ఎస్.ఎఫ్.2 అని పేరు పెట్టాడు. అదే సమయంలో న్యూయార్కులో జేమ్స్ మేన్లీ అనే ఆయన కూడా ఒక ప్రోటీనును పట్టుకుని ఎ.ఎస్.ఎఫ్. అన్నాడు. తీరా పూసలు లెక్కపెట్టి చూస్తే రెండూ ఒకటే! ఇప్పుడు దాన్ని ఎస్.ఆర్.ఎస్.ఎఫ్.1 అంటున్నారు. 248 పూసల దండ అది.

కణాలను పిండి తీస్తే వచ్చేది బహు స్వల్పం. పైగా ఇతర ప్రోటీన్లు దానితో అంటిపెట్టుకుని రావచ్చు. అప్పుడు పని చేసింది ఇదేనని ఎలా నమ్మటం? అందుకని ఆ ప్రోటీనును బాక్టీరియాచేత తయారుచేయించారు. మానవుడి ప్రోటీను మానవుడు కాని జీవిలో! ఇటువంటివాటినే రీకాంబినెంట్ ప్రోటీన్లు అంటారు.

దీనికి ఎన్నుకునేది సాధారణంగా ఇ. కోలై అనే బాక్టీరియా. మన పేగుల్లో కాపరముండేది దాని చుట్టాలే. తిండి సమృద్ధిగా ఉంటే అది ఇరవై నిమిషాలకొకసారి రెండవుతుంది. పది గంటల్లో ఎన్నవుతాయో లెక్కకట్టండి. ముప్పయిసార్లు రెట్టించాలి: 107 కోట్లు దాటుతుంది! ఆ బాక్టీరియాలో ఉంగరంలాంటి చిన్న డి.ఎన్.ఏ. ఉంటుంది. దాన్ని తెంచి, మనకు కావలసిన జన్యువును అతికి, మళ్ళీ లోపలికి పంపవచ్చునని 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ అనేవారు చేసి చూపారు. ఈ కిటుకుతోనే మధుమేహానికి మానవ ఇన్సులిన్ తయారై 1982లో మందులషాపులకు వచ్చింది. అంతకుముందు ఆవులనుంచీ, పందులనుంచీ తీసేవారు. మన హైదరాబాదులో వరప్రసాద రెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో, ఈస్టు కణాలచేత ఒక వైరసు ప్రోటీనును తయారుచేయించి, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వ్యాధికి టీకామందు తెచ్చింది. ఈ విద్యతో మనదేశంలో తయారైన మొదటి టీకా అదే.

ఇక్కడొక తమాషా చిక్కు ఉన్నది. బాక్టీరియాకు ఇంట్రాన్లను కత్తిరించటం చేతకాదన్నాం గదా! మానవ జన్యువును ఉన్నదున్నట్టు ఇస్తే, పనికిరాని రాత కూడా చదివి అది గందరగోళం చేస్తుంది. అందుకని మానవకణంలో కత్తిరింపు పూర్తయిన వార్తను తీసుకుని, దాన్ని వెనక్కు డి.ఎన్.ఏ.గా రాయించి, అది ఇస్తారు. ఇలా వెనక్కు రాసే ప్రోటీనును 1970లో కనిపెట్టారు. అంటే, కోత పనివాణ్ణి తయారుచేయాలంటే ముందు అతడి జన్యువు నకలునే ఎవరో కోసి పెట్టి ఉండాలి!

బాక్టీరియా పెరిగాక వాటిని పగలగొట్టి రసం తీస్తారు. అందులో వేలరకాల ప్రోటీన్లుంటాయి. మందలో మన దూడను గుర్తుపట్టటానికి మెడలో గంట కడతాం. అలాగే జన్యువును అతికేటప్పుడే ప్రోటీను కొసకు ఆరు హిస్టిడిన్ పూసలు అదనంగా చేరుస్తారు. హిస్టిడిన్‌కు నికెల్ లోహమంటే మహా ప్రీతి. నికెల్ పట్టించిన సన్నని గుళికల మీదుగా రసాన్ని పోస్తే, గంట ఉన్న ప్రోటీను అంటుకుని ఆగిపోతుంది; మిగతావన్నీ జారిపోతాయి. ఆ తరవాత ఆగినదాన్ని వేరే ద్రవంతో కడిగి దించుకుంటారు. చిటికెన వేలంత గొట్టంలో ఒక చుక్క మాత్రం పోసి, సున్నకు దిగువ 80 డిగ్రీల చలిలో దాస్తారు. అందులోని ప్రోటీను మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఒక గ్రాములో పదిలక్షల మైక్రోగ్రాములు. ఇప్పుడు ఇలాంటి గొట్టాలను అమ్మే కంపెనీలున్నాయి. పైన చీటీమీద “పరిశోధనకు మాత్రమే, చికిత్సకు కాదు” అని అచ్చువేసి ఉంటుంది.

బాక్టీరియా చేసింది అచ్చం మనిషి చేసినట్టే ఉంటుందా? పూసల వరస అదే. కాని మన కణాలు ఆ దండమీద అక్కడక్కడ ఫాస్ఫేటు బొట్లు పెడతాయి, బాక్టీరియా పెట్టదు. బొట్లు కావాలనుకునేవాళ్ళు పురుగుల కణాల్లోనో, మానవకణాల్లోనో తయారుచేయించుకుంటారు. ఖర్చు ఎక్కువ.

పరీక్ష ఎలా చేస్తారో చూడండి. మానవకణాల రసాన్ని ఒక పద్ధతిలో తీస్తే, కోతకు కావలసినవి చాలావరకు ఉంటాయి, ఈ ఎస్.ఎఫ్.2, దాని చుట్టాలూ మాత్రం చాలినంత ఉండవు. రెండు గొట్టాల్లో ఆ రసం పోస్తారు. రెండింటిలోనూ బీటా గ్లోబిన్ నకలు వేస్తారు. కనిపెట్టటానికి వీలుగా నకలుకు కొంచెం రేడియోధార్మిక ఫాస్ఫరస్ కలిపి ఉంటుంది. రెండో గొట్టంలో మాత్రం బాక్టీరియా చేసిపెట్టిన ప్రోటీనును చుక్క వేస్తారు. కొంతసేపు వెచ్చగా ఉంచి, జెల్ అనే జిగురుపలకలో కరెంటు పెట్టి నడిపిస్తారు. పొట్టి ముక్కలు చురుగ్గా ముందుకు పోతాయి, పొడుగువి వెనకబడతాయి. ఎక్స్‌రే ఫిల్ముమీద నల్లచారలు పడతాయి. మొదటి గొట్టంలో నకలు పొడుగుగానే ఉన్నది. రెండోదానిలో పొట్టి వార్త, తెగిపడిన ఇంట్రాన్ విడివిడిగా కనిపిస్తాయి! చుక్కలో వేరే మానవ ప్రోటీను ఏదీ లేదు గనక, రసంలో లోటుగా ఉన్నది ఇదేనని రుజువయింది. ఇది 1991నాటి సంగతి.

ఇంకొక విశేషం కూడా తెలిసింది. కోయటానికి రెండు చోట్లున్న నకలును ఇస్తే, ఈ ప్రోటీను ఎక్కువైనకొద్దీ దగ్గర చోటునే ఎన్నుకుంటుంది. కోత ఎక్కడ పడాలనేది రాతమీదే కాదు, పనివాళ్ళ సంఖ్యమీద కూడా ఆధారపడుతుందన్నమాట. నాకు ఈ కథలో అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించేది ఇదే. తప్పురాతను దిద్దలేకపోయినా, కోతను దారిమళ్ళించటం సాధ్యమని ఆశ పుట్టింది ఇటువంటి ప్రయోగాలవల్లనే.

ఆ ఆశ ఒకచోట ఫలించింది. వెన్నుపాములోని నరకణాలు చచ్చి, బిడ్డ మెడ నిలపలేకపోయే ఎస్.ఎం.ఎ. అనే జబ్బున్నది. ఆ పిల్లల్లో అసలు జన్యువు చెడిపోయి, దాని కవలజన్యువు మాత్రం మిగిలి ఉంటుంది. ఆ కవల నకలులో ఒక్క అక్షరం తేడా. ఆ తేడావల్ల ఎస్.ఎఫ్.2 కూర్చునే చోటు చెడి, కావలసిన ముక్క కూడా ఇంట్రాన్‌తోపాటు తెగిపోతుందని 2002లో క్రైనర్ బృందం ప్రకటించింది. కొందరు మాత్రం అక్కడ మరొక ప్రోటీను వచ్చి అడ్డు కూర్చోవటమే ముఖ్యమన్నారు. వాదం ఎలా ఉన్నా, నకలుకు అంటుకుని కోతను సరిదిద్దే చిన్న ముక్కను క్రైనర్, మరికొందరు కలిసి మందుగా తయారుచేశారు. నుసినెర్సెన్ అనే ఆ మందుకు 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. వెన్నులోకి ఇంజక్షనుగా ఇస్తారు. ధర మాత్రం సామాన్యులకు అందేది కాదు.

తలసీమియాలో సంగతి ఏమిటి? 1993లో అమెరికాలో రిషార్డ్ కోలే అనే ఆయనా, ఒక సహాయకుడూ కలిసి, దొంగచోటును చిన్న ముక్కతో మూసివేస్తే తలసీమియా నకలు గాజుగొట్టంలో సరిగా తెగుతుందని చూపారు. కాని ఎముకల మజ్జలో ప్రతి క్షణం లక్షలకొలది ఎర్రకణాలు తయారవుతూ ఉంటాయి. అన్నిటిలోకీ ఆ ముక్కను పంపటం మాటలు కాదు. అయిదో అక్షరం తప్పును ఈ దారిన సరిచేసే మందు ఆసుపత్రులకు ఇంకా రాలేదు. సరిపోయే తోబుట్టువు మజ్జను ఎక్కిస్తే జబ్బు నయమవుతుంది. 2023లో జన్యువునే సవరించే చికిత్సకు ఇంగ్లండులో అనుమతి ఇచ్చారు. అదీ కోట్లమీది మాట.

ఈ పేజీ చదివే తల్లిదండ్రులకు కొన్ని వివరాలు. ఒక్కవైపునుంచే తప్పుజన్యువు వచ్చినవాళ్ళకు జబ్బు ఉండదు. మహా అయితే కొంచెం రక్తం తక్కువగా ఉంటుంది. ఇనుము మాత్రలు మింగినా అది పెరగదు. అటువంటివాళ్ళు మనదేశంలో నూటికి ముగ్గురో, నలుగురో ఉంటారు. హీమోగ్లోబిన్ ఎ2 అనే రక్తపరీక్షలో అది మామూలుగా నూటికి మూడున్నర పాళ్ళకు మించి కనిపిస్తే అనుమానించాలి. భార్యాభర్తలిద్దరూ అటువంటివాళ్ళయితే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది గనక తరవాతి ముగ్గురికీ రాదనుకోకూడదు; ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటినుంచే. గర్భం వచ్చిన పది, పన్నెండు వారాల మధ్య మాయనుంచి చిన్న ముక్క తీసి, ఆ అయిదో అక్షరం జి యో, సి యో చూసి చెప్పే పరీక్ష హైదరాబాదులో చేస్తారు. దానికి ముందు తల్లిదండ్రులిద్దరి రక్తంలోనూ ఏ తప్పు ఉన్నదో తెలిసి ఉండాలి. కనక పెళ్ళినాటికో, కాన్పుకు చాలా ముందుగానో పరీక్ష చేయించుకున్నవాళ్ళకే అది ఉపయోగపడుతుంది.